పేలని తుపాకీ

పేల్చడానికి తయారైన వస్తువు పేల్చకుండా దాచినందువల్లనే ఖరీదు పెంచుకోవడం విచిత్రమే. పురాతన తుపాకుల విషయంలో జరుగుతున్నది అదే. రెండు శతాబ్దాల నాటి చెకుముకి తుపాకీలో మందు కూరి ఒక్కసారి పేల్చినా, మిగిలిన మసి గాలిలోని తేమను పీల్చుకుని గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. పాతబడిన ఇనుము ఆ ఒత్తిడికి ఓర్వలేక పగిలిపోయినా ఆశ్చర్యం లేదు. అందువల్ల యజమాని దానికి నూనె పూస్తాడు, అతిథులకు చూపిస్తాడు, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ట్రిగ్గర్ మీద మాత్రం వేలు పెట్టడు. మరి అతడు కొన్నది ఏమిటి?

టిప్పు సుల్తాన్ వేట తుపాకీ ఒకటి ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. 1792 సంధితో మైసూరు సగం రాజ్యాన్ని పోగొట్టుకుంది. టిప్పు ఇద్దరు కుమారులు కారన్‌వాలీస్ వద్ద బందీలయ్యారు. ఆ అవమానం ఇంకా ఆరకముందే, 1793-94లో, అసద్ ఖాన్ ముహమ్మద్ అనే శిల్పి ఈ తుపాకీని తన సుల్తాన్ కోసం తయారు చేశాడు. మళ్లీ మందు కూరకుండానే రెండు గుళ్లు పేల్చగల ఏర్పాటు అందులో ఉంది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలింది. ఆనాటి ముట్టడిలో కంపెనీ సేనల పక్కన హైదరాబాద్ నిజాం సేనలు కూడా ఉన్నాయన్నది మనం సౌకర్యంగా మరచిపోయే సంగతి. టిప్పు సంపద విజేతల పాలైంది. ఈ తుపాకీ చివరికి ఆ కారన్‌వాలీస్‌కే కానుకగా చేరింది.

2023లో దాని విలువను 20 లక్షల పౌండ్లుగా కట్టారు. అది దేశం దాటిపోకుండా బ్రిటన్ ప్రభుత్వం ఎగుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. స్వదేశంలోనే కొనేవారు ఎవరైనా ముందుకు రావాలన్నది ఉద్దేశం. అదే ఏడాది లండన్ వేలంలో టిప్పు ఖడ్గం ఒకటి కోటీ 40 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఆ ధర ఉక్కుకూ కాదు, పదునుకూ కాదు. ఓడిన రాజు పేరుకు. యుద్ధంలో చేజిక్కిన సొత్తు రెండు శతాబ్దాలు గడిచేసరికి గెలిచినవాడి జాతీయ వారసత్వంగా మారిపోయింది. పేలని తుపాకీ సాధించిన విజయం ఇది.

స్వదేశంలో కథ మరో దారిన నడిచింది. లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం భారతీయుల చేతిలోని ఆయుధానికి లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. నాటి నుంచి గోడకు వేలాడే తుపాకీ ఆత్మరక్షణ సాధనం కన్నా హోదా చిహ్నమే ఎక్కువైంది. దొరతనం తనను నమ్ముతున్నదని ఊరికి చాటే పత్రం అది. స్వాతంత్ర్యం తరువాత 1959లో కొత్త చట్టం వచ్చినా ఆ మోజు పోలేదు. 2019లో ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి ఒకటికి కుదించాలని కేంద్రం ప్రతిపాదించినప్పుడు, తాతల నాటి తుపాకుల గతేమిటన్న ప్రశ్న లేచింది. చివరికి రెండు దగ్గర రాజీ కుదిరింది. మరుసటి ఏడాది నిబంధనలను సవరించి, పురావస్తువుల కోవలోకి వచ్చే కొన్ని చిన్న ఆయుధాలను లైసెన్సు లేకుండానే ఉంచుకోవచ్చన్నారు. వాడాలన్నా, వెంట తీసుకువెళ్లాలన్నా మాత్రం లైసెన్సు ఉండాల్సిందే.

ఆ సవరణలోని తర్కం స్పష్టం. ఎన్నికలు రాగానే లైసెన్సు ఉన్న తుపాకులను పోలీసు ఠాణాల్లో అప్పగించమనే రాజ్యం, పేలని తుపాకీని చూసి జంకదు. కానీ చరిత్ర మీద హక్కు కోరేవారికి కావలసింది సరిగ్గా అలాంటి ఆయుధమే. ఎవరు చేశారు, ఎవరి నుంచి ఎవరికి ఎలా చేరిందన్న వృత్తాంతమే దాని అసలు మందుగుండు. ఆ వృత్తాంతం లేని తుపాకీ ఎంత నగిషీ ఉన్నా తూకానికి అమ్మే ఇనుముకు కొంచెం పైన, అంతే.

అందుకే పాత దివాణాల్లోనూ కోటల్లోనూ మిగిలిన ఆయుధాల యజమానుల మీద ఒక బాధ్యత ఉంది. 1972 చట్టం పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకుండా ఆపగలదు. బీరువా లోపలి మౌనాన్ని అది ఆపలేదు. కాల్చే హక్కును వదులుకున్న యజమానికి చెప్పే హక్కు ఇంకా మిగిలే ఉంది. కొన్నదో, ఇనాముగా వచ్చిందో, లాక్కున్నదో, ఏదైనా దాచకుండా రాసిపెట్టి పదిమంది ముందుంచితే ఆ తుపాకీ దేశానికి పనికివస్తుంది. లేకపోతే అతడు కాపలా కాస్తున్నది తన అహానికే.