ముత్యానికి గొంతు నొప్పి

మా ఇంట్లో ఎవరికి గొంతు నొప్పి వచ్చినా వీధి వీధంతా తెలియాల్సిందే. మావారికైతే మరీనూ. మండే ఎండల్లో కూడా మెడకి మఫ్లరు బిగిస్తారు. పొద్దున్నే పెరట్లో ఆయన ఉప్పునీళ్ళు పుక్కిలించే చప్పుడికి పక్కింటి పిల్లాడు నిద్ర లేస్తాడు. డాక్టరు మాట్లాడవద్దన్నాడని రోజుకి ఇరవైమందికి మాట్లాడి మరీ చెబుతారు. అత్తయ్యగారికి మిరియాల పాలు, అబ్బాయికి బడి ఎగ్గొట్టడం. ఎవరి వైద్యం వాళ్ళది.

చెప్పుకుంటే సగం బాధ తగ్గుతుందంటారు. మరి చెప్పుకోలేని వాళ్ళ సంగతేమిటి? ఆ ఆలోచన నాకు మా ముత్యం వల్ల వచ్చింది.

ముత్యం మా కుక్క. తెల్లటి బొచ్చూ, చుట్ట చుట్టుకున్న తోకా. చూసినవాళ్ళంతా పొమరేనియన్ అంటారు. నిజానికి మన ఇళ్ళల్లో పొమరేనియన్ అన్న పేరుతో పెరిగే వాటిలో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్ అనే జాతివి. ఈ మాట మావారి దగ్గర మాత్రం అనకండి. ఆయన పొమరేనియన్ ధర ఇచ్చి కొన్నారు.

కిందటేడు పెళ్ళికని విశాఖపట్నం వెళ్తూ, కుక్కల్ని ఉంచుకునే ఒకచోట ముత్యాన్ని ఐదు రోజులు వదిలాం. తిరిగి ఇంటికి తెచ్చుకున్న మూడోనాడు చూశాను. కంచం దగ్గరికి ఆత్రంగా వచ్చింది. వాసన చూసింది. ఒక ముద్ద నోట్లోకి తీసుకుని, వదిలేసి, నా మొహంలోకి చూసింది. ఆకలి లేని కుక్క కంచం దగ్గరికే రాదు. ఆకలి ఉండీ మింగలేని కుక్క ఇలా వచ్చి వెళ్తుంది. పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళకి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ తర్వాత గుటకలు. నోట్లో ఏమీ లేకుండానే మాటిమాటికీ గుటకలు వేస్తోంది. మెడ ముందుకి చాచి ఒక్క క్షణం అలాగే నిలబడుతోంది. మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి వస్తే అలవాటు కొద్దీ లేచింది గానీ, ఆ మొరుగు బొంగురుపోయి సగంలో ఆగిపోయింది. "బుద్ధొచ్చిందండీ దీనికి!" అని అతను సంతోషపడ్డాడు పాపం. రాత్రికి దగ్గు మొదలైంది. బాతు అరిచినట్టు పొడిగా, గట్టిగా దగ్గి, చివర్లో డోకి, ఇంత తెల్లటి నురగ కక్కింది.

ఇక చూడండి మా ఇంటి వైద్యులు! గొంతులో ఎముక అడ్డం పడిందని మావారు టార్చిలైటు తెచ్చారు. అత్తయ్యగారు దిష్టి అన్నారు. పక్కింటి పిన్నిగారు మిరియాల కషాయం పోయమన్నారు. పై వాటా ఆయన తన జ్వరం మాత్రలోంచి అర ముక్క విరిచి పంపారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి రాత్రే ఎవరికో తట్టి ఉంటుంది. అర ముక్కని డబ్బాలో పడేసి, తెల్లారగానే ముత్యాన్ని ఎత్తుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాం.

ఆయన గొంతు చూడలేదు. ముందు టీకాల కార్డు అడిగారు. అదేమిటో అని నాకు వింతగా తోచింది. కార్డు చదివాకే నోరు తెరిపించారు. థర్మామీటరు పెట్టారు, ఎక్కడో నేను రాయను. 102 చూపించింది. "నూట రెండే!" అని మావారు కుర్చీలోంచి లేచారు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102న్నర దాకా ఉంటుందట. ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, పొడిగా ఉంటే జ్వరం అన్నది వట్టి మాటట. దవడ కింద బిళ్ళలు కట్టాయేమో తడిమి, గొంతు గొట్టం మీద వేలితో మెల్లిగా నొక్కగానే ముత్యం ఖంగుమని దగ్గింది.

"దీన్ని ఎక్కడైనా నాలుగు కుక్కల మధ్య ఉంచారా?" అన్నారు.

దీన్ని కెన్నెల్ కాఫ్ అంటారు. ఒకటి రెండు వైరస్‌లూ, బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవీ, ఒక్కోసారి విడిగా, ఒక్కోసారి జట్టుకట్టి తెచ్చిపెట్టే దగ్గు. ఆ బోర్డెటెల్లా, మన పిల్లలకి కోరింత దగ్గు తెచ్చే సూక్ష్మజీవీ దాయాదులే. కోరింత దగ్గు దాన్ని 1906లో బయటపెట్టిన జూల్స్ బోర్డే పేరే ఆ ఇంటిపేరు. జబ్బు అంటుకున్న 2 నుంచి 14 రోజుల్లో దగ్గు బయటపడుతుంది. ఒళ్ళు గట్టిగా ఉన్న కుక్కకి ఒకటి నుంచి మూడు వారాల్లో తగ్గిపోతుంది.

కుక్కకి వట్టి గొంతు నొప్పి అన్నది అరుదట. పుచ్చిన పన్నో, ముక్కులో పట్టిన జబ్బో, ఊపిరి గొట్టం వాపో ఉంటే దాని వెనకాల గొంతు నొప్పి వస్తుంది. చేపముల్లు, పుల్ల, దారంతో సహా మింగిన సూది కూడా కావచ్చు. మెషీను కుట్టే ఇళ్ళవాళ్ళు ఈ చివరిదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. పెద్దవయసు వచ్చిన చిన్నజాతి కుక్కల్లో ఊపిరి గొట్టం మెత్తబడి కుంగినా ఇదే బాతు దగ్గు వస్తుంది. అందుకే దగ్గు వినేసి ఇంట్లోనే తీర్పు చెప్పడం కుదరదు.

ముత్యానికి దగ్గు మందు ఒక్కటే రాశారు. జ్వరమో, ముక్కులోంచి చీమో ఉంటే తప్ప యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు. మిగతా వైద్యమంతా నాదే. గొంతుకి ఒరుసుకునే మెడపట్టీ తీసేసి, ఛాతీ చుట్టూ కట్టే పట్టీ కొన్నాం. అన్నం మెత్తగా చిదిమి, కోడి ఉడకబెట్టిన నీళ్ళతో జావలా చేసి, గోరువెచ్చగా పెట్టేదాన్ని. అందులో ఉల్లిపాయ, వెల్లుల్లి పడకూడదు, అవి కుక్క నెత్తుటికి చేటు. పూటకోసారి స్నానాల గదిలో వేణ్ణీళ్ళు వదిలి, తలుపులు మూసి, ఆ ఆవిరిలో ఇద్దరం పది నిమిషాలు కూర్చునేవాళ్ళం. నా నవలలో తెగని ఒక ప్రకరణం అక్కడే తెగింది. అగరొత్తులు, దోమల చుట్ట, మావారి సిగరెట్టు, మూడూ బంద్. మూడోదానికి కుక్కే కావలసి వచ్చింది, నా మాట ఏనాడు విన్నారు కనక!

మందుల విషయంలో మాత్రం నవ్వులాట లేదు. మన ఒళ్ళునొప్పుల ఐబుప్రొఫెన్ కుక్క పొట్టలో పుళ్ళు పుట్టిస్తుంది, మూత్రపిండాలు చెడగొడుతుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. చక్కెర లేని దగ్గు బిళ్ళల్లో, సిరప్పుల్లో తీపికోసం కలిపే జైలిటాల్ అయితే గంటలోపే రక్తంలో చక్కెరని పడదోసి ప్రాణం మీదికి తెస్తుంది. గొంతు నొప్పికి బిళ్ళ చప్పరించడం మనకే చెల్లింది.

ఇక ఆ టీకాల కార్డు సంగతి. బయల్దేరే ముందు ఉండబట్టలేక అడిగేశాను. "మింగలేకపోవడం, చొంగ కారడం, మొరుగు మారడం... ఇవన్నీ రేబిస్‌కీ ఉంటాయమ్మా. కార్డు చూడకుండా నోట్లో వేలు పెట్టను" అన్నారు. పిచ్చికుక్క అంటే మనకి వీధి వెంట కరుస్తూ పరుగెత్తేదే తెలుసు. ఏ మూలో నోరు వేలాడేసుకుని పడుండే రకం కూడా ఉంది. గొంతు కండరాలు చచ్చుబడతాయి. నీళ్ళంటే భయం మనిషికొచ్చే లక్షణం. కుక్క పాపం నీళ్ళకోసమే వెళ్తుంది, గుటక పడదు. చూసినవాళ్ళు ఎముక అడ్డం పడిందనుకుని చెయ్యి పెడతారు.

ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నోరు పెగల్లేదు. నాకు పదకొండేళ్ళప్పుడు, 1990 ప్రాంతంలో, మా తాతయ్యగారి పాలేరు ఒకతను సరిగ్గా ఆ పనే చేశాడు. గడ్డివాము దగ్గర కుక్క నోరు మూయలేక చొంగ కారుస్తుంటే జాలిపడి ఎముక తీయబోయాడు. ఎముక లేదు. కుక్క కరవనూ లేదు. అతని వేలిమీద కొడవలి గీరిన పాత గాటు ఒకటుంది, అంతే. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు. కరవందానికి అవెందుకని అందరూ అన్నారు. ఏడో వారంలో అమ్మమ్మ ఇత్తడి గ్లాసుతో మంచినీళ్ళు ఇస్తే, చేత్తో పట్టుకున్నాడు గానీ నోటిదాకా తేలేకపోయాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులు.

బొడ్డు చుట్టూ వేసే ఆ పాత మందు 2005 నాటికే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి నాలుగైదు ఇంజక్షన్లతో సరి. అనుమానం ఉన్న కుక్క చొంగ గాటుమీద పడ్డా కరిచినట్టే లెక్క. సబ్బుతో, పారే నీళ్ళ కింద పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. లక్షణాలు బయటపడ్డాక ఇక మందు లేదన్నట్టే.

మా సందు చివర టీ కొట్టు దగ్గర ఒక నల్లకుక్క ఉంటుంది. కొట్టతను రోజూ దానికి బన్ను వేస్తాడు. మొన్న అది దగ్గుతోంటే దవడలు పట్టుకుని లోపలికి చూడబోయాడు. నేను రోడ్డు ఇవతలినుంచే ఒక్క కేక పెట్టాను. తర్వాత నింపాదిగా సంగతంతా చెప్పాను. "టీకా వేయించడానికి దానికి ఇల్లేదమ్మా?" అన్నాడు. జూలై 6 గురించి చెప్పాను. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడికి తన మందు మొదలుపెట్టించాడు. అందుకే ఏటా ఆ తేదీకి మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తారు. అతనికి పాశ్చర్ సంగతి పట్టలేదు.

"ఆదివారమా అమ్మా, పనిరోజా?" అని మాత్రం అడిగాడు.