డేఢ్ పావ్ ఖూన్

"కిత్తా ఖూన్ లేతే?" ఎంత రక్తం తీస్తారు? కొడుకు రక్తం ఇవ్వడానికి బయల్దేరితే మన ఇళ్లలో అమ్మీలు అడిగే మొదటి సవాల్ ఇదే. మన జవాబు "ఏక్ బాటల్". బాటిల్ అనగానే ఆమె కళ్ల ముందు లీటరు నీళ్ల సీసా నిలబడుతుంది. ఇక పంపుతుందా?

అసలు ఇప్పుడు బాటిలే లేదు. గాజుసీసా పోయి ప్లాస్టిక్ సంచి వచ్చింది, లఫ్జ్ మాత్రం పోలేదు. మేం పేపర్లలో రాసే ‘యూనిట్’ ఇంకా గోల్‌మాల్. కరెంటూ యూనిట్టే, ఖూనూ యూనిట్టే. అదైనా ఒక్క లెక్క కాదు. 350 మిల్లీలీటర్ల సంచి ఉంది, 450ది ఉంది. 45 కిలోలున్నవాళ్ల దగ్గర మొదటిది, 55 దాటితేనే రెండోది. ఇంగ్లండ్ వాళ్లూ ఇంతే. నోటితో పైంట్ అంటారు, అంటే 568 మిల్లీలీటర్లు. తీసేది 470.

ఆదిలాబాద్‌లో మా రిష్తేదార్ల పాపకు థలసీమియా. రెండు మూడు వారాలకోసారి ఖూన్ ఎక్కించాలి. కరీంనగర్‌లో ఉండే మా ఖాలా మనవణ్ని అడిగితే ఖాలా అడ్డం పడింది. ఆమెకు మిల్లీలీటర్లు ఎక్కవు. 1956 చట్టంతో మెట్రిక్ తూకాలొచ్చి ఇన్నేళ్లయినా సేరు, పావుసేరే ఆమె హిసాబ్. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు పదే ఇస్తున్నారని బంగారం సేఠ్‌తో ఝగ్డా కూడా పెట్టుకుంటుంది.

అందుకే కాగితం తీసి తులాల్లో లెక్క వేశాను. రక్తం నీళ్లకంటే కాస్త బరువు, మిల్లీలీటరుకు దాదాపు 1.05 గ్రాములు. 350 మిల్లీలీటర్లంటే 367 గ్రాములు, ముప్పై ఒకటిన్నర తులాలు. 20 తులాలు పావుసేరు కదా, డేఢ్ పావ్ మీద తులమున్నర. పెద్ద సంచి అయితే అర్ధసేరు.

"డేఢ్ పావ్? బస్?" అంది. ఒంట్లో ఎంతుంటుందో కూడా అడిగింది. అరవై కిలోల మనిషిలో నాలుగున్నర సేర్ల పైనే అన్నాను.

"మరి తరాజు ఎవరు పట్టుకుంటరు?"

మంచి సవాల్. సంచి ఊగే తరాజు మీదే ఉంటుంది, తూకం సరిపోగానే ఆపేస్తారు. రక్తం గడ్డకట్టకుండా 350 సంచిలో ముందే 49 మిల్లీలీటర్ల మందు ఉంటుంది. అందుకే చూడ్డానికి ఎక్కువ తీసినట్టు అనిపిస్తుంది.

మనవడు వెళ్లి ఇచ్చొచ్చాడు. మళ్లీ ఎప్పుడివ్వొచ్చని ఈసారి ఖాలాయే అడిగింది. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు అన్నాను. "ఆడోళ్లు గూడ ఇస్తరా?" అని కాసేపు ఊరుకుంది. తర్వాత లోపలున్న మనవరాలిని కేకేసి, బరువెంతే నీదని అడిగింది.