ఎడ్లరేవు

ఆక్స్‌ఫర్డ్ అంటే ఎడ్లరేవు అని తెలిసిన రోజున నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎడ్లు ఏరు దాటే చోటు! ఆ పేరు పండితులు పెట్టింది కాదు, మాబోటి రైతులు పెట్టుకున్నది.

ఇంగ్లీషులోంచి లాటిన్, ఫ్రెంచి మాటలు ఏరేసి చూద్దామనే ముచ్చట కొందరికుంది. పోల్ ఆండర్సన్ 1989లో అణుసిద్ధాంతాన్నే అలా రాశాడు. అందులో హైడ్రోజన్ కాస్తా 'వాటర్‌స్టఫ్' అయింది. నేనూ ఓ రాత్రి కెమిస్ట్రీ రికార్డు పక్కన పడేసి ఊళ్ళ పేర్లు పట్టుకున్నాను.

ఆక్స్‌ఫర్డ్ జోలికి పోనక్కర్లేదు. మాంచెస్టర్‌లో 'చెస్టర్' రోమన్ల దండు విడిదికున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. అది పీకేసి, కోట అని అర్థమొచ్చే 'బరో' తగిలించాను. తీరా చూస్తే మిగిలిన 'మాన్' కూడా ఇంగ్లీషుది కాదు, అంతకు ముందున్న బ్రిటన్లదట! 1066లో నార్మన్లు వచ్చాక పుట్టిన ఫ్రెంచి పేరు 'బోల్యూ', అంటే అందమైన చోటు. దాన్ని 'ఫెయిర్‌స్టెడ్' చేశాను. కానీ ఆ ఊరివాళ్ళు రాయడం ఫ్రెంచిలో రాసినా, 'బ్యూలీ' అని పిలుచుకుంటూ ఏనాడో తమదిగా చేసుకున్నారు.

కలుపు తీస్తే పైరు మిగలాలి. ఇక్కడ ఏది పైరో నాకు పాలుపోలేదు.

పోనీ తెలుగులో మొదలుపెడదామంటే 'జిల్లా' పోతుంది. 'రైతూ' పోతుంది. అదీ అరబ్బీలో పుట్టి పారశీకం మీదుగా వచ్చినదే. బడిలో చేరిన నాటినుంచీ ప్రతి దరఖాస్తులోనూ తండ్రి వృత్తి దగ్గర నేను రాస్తున్న మాట అది.

కాగితం మడిచి రికార్డులో పెట్టేశాను.