కారున్నోడు రాకుంటే

విరిగిన మనసు బాగుపడే నవలలంటే నాకు ఈమధ్య ఒళ్ళుమంట. కథ మీకూ తెలిసిందే. ప్రేమించినవాడు మోసం చేస్తాడు. ఆ అమ్మాయి నాలుగు రోజులు దిండు తడిపి, ఆఫీసుకు సెలవు పెట్టి మనాలి వెళ్తుంది. అక్కడ మంచు, ఒక కాఫీ కొట్టు, గడ్డం పెంచిన ఫోటోగ్రాఫరు. చివరి పేజీకల్లా అంతా నయం. మనాలి దాకా ఎందుకమ్మా, గద్వాల బస్సెక్కరాదా అనిపిస్తుంది నాకు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనబడేలోపే పక్కసీటావిడ "ఏమైంది బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్?" అని అడిగి తీరుతుంది. ఫోటోగ్రాఫరు కన్నా అదే మేలు.

అసలు నా కోపమంతా దేవదాసు మీద. శరత్ నవల అచ్చయింది 1917లో. మనకు 1953లో అక్కినేని పుణ్యాన అది ఇంటింటి కథ అయింది. పెద్దవాళ్ళకు జంకి వెనకడుగు వేసింది అతనే. ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నదీ అతనే. తర్వాత తాగిందీ, దగ్గిందీ, ఊరందరి చేత కన్నీళ్ళు పెట్టించుకున్నదీ అతనే! పార్వతి మాత్రం ఎదిగిన పిల్లలున్న జమీందారును చేసుకుని, ఆ పెద్ద ఇంటిని నెత్తిన వేసుకుని నడిపింది. ఎట్లా నడిపింది? తెల్లారి వంటింట్లోకి వెళ్ళి పప్పు డబ్బా ఎక్కడుందో ఎవరిని అడిగింది? ఏ రోజు మొదటిసారి హాయిగా నిద్రపోయింది? నాకు కావలసిన నవల అది. దాన్ని వదిలేసి మనం 1981లో 'ప్రేమాభిషేకం'కు క్యూ కట్టాం. మళ్ళీ అక్కినేనే, మళ్ళీ మగవాడి త్యాగమే, మళ్ళీ మన చేతిరుమాళ్ళే. మా వైపు గ్లాసు పట్టిన ప్రతివాడూ రెండో రౌండుకల్లా దేవదాసైపోతాడు. ఇంట్లో పార్వతి అన్నం మూతపెట్టి కూర్చుని ఉంటుంది.

ఓల్గా ఒక్కరు నా పక్షాన ఉన్నారు. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన 'విముక్త'లో 'సమాగమం' అని ఒక కథ. ముక్కూ చెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ అడవిలో తోట పెంచుకుంటూ సీతకు ఎదురవుతుంది. తోట రాత్రికి రాత్రి ఎదగదు గదా. నాకు నచ్చింది ఆ కాలమే.

వనపర్తిలో మాకొక పెద్దమ్మ ఉండేది. పెదనాన్న ఇంకొకామెను ఉంచుకుని కర్నూలులో కాపురం పెట్టాడు. గొడవా లేదు, పంచాయితీ లేదు. ఒక పండక్కి పోయినవాడు రాలేదు, అంతే. ఇంట్లో ఆయన పడక్కుర్చీ మిగిలింది. దాని మీద పిల్లలం కూర్చుంటే పెద్దవాళ్ళు గద్దించేవారు, ఆయన రేపో మాపో వస్తాడన్నట్టు. పెద్దమ్మ చేసిన మొదటి పని ఆయనకు పడదని మానేసిన పచ్చిపులుసు మళ్ళీ మొదలుపెట్టడం. తర్వాత ఒక ఎండాకాలం ఆ కుర్చీ బట్ట ఊడబెరికి, అంచు పోయిన తన గద్వాల చీరను నాలుగు మడతలు వేసి దబ్బనంతో కుట్టి బిగించింది. సాయంత్రం వాకిట్లో వేసుకుని దర్జాగా కూర్చుంది, చేతిలో అద్దె నవల. యద్దనపూడి అంటే ప్రాణం ఆమెకు. చివరి పేజీకి వచ్చేసరికి మాత్రం తిట్లు లంకించుకునేది: "ఆ కారున్నోడు రాకుంటే ఈ పిల్ల బతుకదా?"

ఆయన తిరిగొచ్చాడా అని మీరడుగుతారు. వచ్చాడు, ముసలితనంలో. అన్నం పెట్టింది. కుర్చీ ఇవ్వలేదు.

పెద్దమ్మ లాంటివాళ్ళు మా వైపు ఒకరా ఇద్దరా? తెలంగాణలో కవులు లేరన్నవాళ్ళకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి నోరు మూయించారు. 1952లో ఆయన్ను శాసనసభకు పంపింది మా వనపర్తే. బొంబాయి వలసపోయిన మగవాడు అక్కడే మరో పొయ్యి రాజేస్తే, ఇక్కడ పిల్లల్ని సాకి నిలబడ్డ పాలమూరు ఆడవాళ్ళతో సంచిక వేస్తే, ఆ పుస్తకాన్ని మోయడానికి ఇద్దరు కావాలి.

గద్వాల చీర మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కొంగు దగ్గర నూలు పోగుకు పట్టు పోగును ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. ఇక్కడే ఎవరో ఒక నవలాకారుడు ఆగి, తెగిన మనసులు కూడా ఇట్లాగే అని మొదలుపెడతాడు. దండం పెడతాను, వద్దు. అతికే మనిషికి నడుము గుంజుతుంటుంది, కళ్ళు మండుతుంటాయి, ఆమె ఆలోచన కూలి డబ్బుల మీద ఉంటుంది. గద్వాలలోనే తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు కూడా నేస్తారు. సంస్థానం నాటి ఆనవాయితీ. నేసినన్నాళ్ళూ మగ్గం దగ్గర నియమాలూ నిష్ఠలూ. ఆ పంచెల అంచు చూడాలి మీరు!

పెద్దమ్మ చివరికి నాగర్‌కర్నూలులో కూతురింట్లో ఉండేది. 2016లో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడూ మూడు జిల్లాలయ్యాయి గానీ, ఆమె లెక్కలో అంతా పాలమూరే. దసరా ముందు ఆమెను చూడబోతే బస్టాండు దగ్గర నల్లమల సీతాఫలాల గంపలుండేవి. నున్నగా ఉన్నాయని పచ్చికాయలు కొనుక్కుపోయి తిట్లు తినేవాణ్ణి. కండ్లు తెరిచిన కాయే కొనాలి, పలకల మధ్య తెల్లగా విచ్చుకుని ఉండాలి. కండ్లు తెరవని కాయ గడ్డిలో ఎన్నాళ్ళు పెట్టినా నల్లబడుతుందే తప్ప మాగదు. హైదరాబాదులో ఇప్పుడు కిలోల లెక్కన, అవీ పచ్చివే, అట్టపెట్టెల్లో అమ్ముతున్నారు. గంపలో చెయ్యి పెట్టి ఏరుకోనివ్వరు కూడా.