ముందు ఛాసిస్ చూడు

న్యూజెర్సీలో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలైందంటే మాలాంటి వాళ్ల కార్లు షెడ్డుకు చేరతాయి. కవరు కప్పుకుని వసంతం దాకా బయటికి రావు. కారు కదలని ఆ నెలల్లోనే మనసు కుదురుగా ఉండదు. రాత్రి భోజనాలయ్యాక విడిభాగాల ధరలు చూడడం, కాగితం మీద లెక్కలు వేయడం, దీని మీద ఇంకా డబ్బు పెట్టాలా, అమ్మేసి కొత్తది కొనాలా అని తేలక పడుకోవడం. పాత స్పోర్ట్స్ కారున్న ప్రతివాళ్లకూ ఏదో ఒక ఏడు ఈ సందేహం వస్తుంది. నాకు వచ్చినప్పుడు నేను నేర్చుకున్నది నలుగురితో చెప్పుకోవాలనిపించింది.

నాది 1992 నాటి మాజ్దా ఎమ్ఎక్స్-5. అమెరికాలో మియాటా అంటారు. రెండే సీట్లు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ టాపు, స్విచ్ నొక్కితే బానెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లు. ఇలాంటి కారు చేయమని 1970ల చివర్లో మాజ్దా వాళ్లకు చెప్పినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు. ఎమ్‌జీ, ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ టాపులేని చిన్న కార్లు అప్పటికి కనుమరుగు కావస్తున్నాయి. వాటి సరదా ఉంచి, వాటి చమురు కారే జబ్బు లేకుండా ఒకటి చేస్తే బాగుండునని ఎందరో అనుకుంటున్న రోజులవి. ఆ మాట విన్న కెనిచీ యమమోతో తర్వాత కంపెనీ పగ్గాలు చేపట్టాడు. తొషిహికో హిరాయ్ ఆధ్వర్యంలో తయారైన కారును 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించారు. గుర్రమూ రౌతూ ఒక్కటిగా కదిలినట్టు ఉండాలన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో దీనంతగా అమ్ముడుపోయింది మరొకటి లేదు.

నా కారు ఇంజన్ 1.6 లీటర్లు, 116 హార్స్‌పవర్. మన వాళ్లు పిల్లాపాపలతో గుడికి వెళ్లే హోండా ఒడిస్సీ మినీవ్యాన్‌ది ఇప్పుడు 280. టర్న్‌పైక్ ఎక్కే ర్యాంపు మీద యాక్సిలరేటర్ నేలకు తొక్కినా పక్కనుంచి మినీవ్యాన్ నింపాదిగా దాటిపోతుంది. టర్బో బిగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నాకు అక్కడే మొదలైంది. ఈ కారుకు టర్బో కిట్లు అమ్మేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. కొలరాడోలోని ఫ్లయింగ్ మియాటా సంస్థ పేరు ఈ కార్లున్న వాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. ఒక మోస్తరు టర్బోతో శక్తిని రెండు వందల దరిదాపులకు తీసుకుపోవచ్చు.

కాగితం మీద మొదట ఒక్క టర్బోనే రాసుకున్నాను. దాని కింద రాయాల్సినవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎక్కువ గాలి లోపలికి పోతే ఎక్కువ పెట్రోలు కావాలి కాబట్టి పెద్ద ఇంజెక్టర్లు. ఆ కొత్త లెక్క ఫ్యాక్టరీ కంప్యూటర్‌కు తెలియదు కాబట్టి వేరే కంప్యూటర్, దాన్ని ట్యూన్ చేసే మనిషి. పాత క్లచ్ ఆ బలానికి జారిపోతుంది, అదీ మార్చాలి. 1.6 మోడల్‌కు వేసిన డిఫరెన్షియల్ చిన్నది. టర్బో బలానికి అది పగలడం ఈ కారు తెలిసిన మెకానిక్కులందరికీ పరిచయమే. 1994 నుంచి వచ్చిన 1.8 మోడల్ డిఫరెన్షియల్ పెద్దది, గట్టిది. అది వేయాలంటే దానితోపాటు యాక్సిల్ షాఫ్టులూ, ప్రొపెల్లర్ షాఫ్టూ కూడా తెచ్చుకోవాలి. తర్వాత వేడి. ఈ ఇంజన్‌లో నీళ్లు ముందువైపు నుంచే లోపలికి వెళ్లి ముందువైపు నుంచే బయటికి వస్తాయి. వెనకనున్న నాలుగో సిలిండర్ దగ్గర నీటి ప్రవాహం పలచగా ఉంటుంది. మామూలుగా నడిపితే బాధ లేదు. టర్బో పెట్టి రేస్ ట్రాక్ మీద తిప్పితే మాత్రం పెద్ద రేడియేటర్, నీళ్ల దారి మళ్లించే పైపులు తప్పవు. వేగం పెరిగాక ఆగడం కూడా పెరగాలి, కాబట్టి పెద్ద బ్రేకులు. బ్రేకులు పెద్దవైతే గట్టిగా పట్టే టైర్లు. అన్నీ అయ్యాక ఐదు గేర్ల గేర్‌బాక్స్ వైపు చూస్తే, ఇక తర్వాతి వంతు దానిదే.

ఒక అంతస్తుకు వేసిన పునాది మీద మూడో అంతస్తు లేపడానికి ఏ మేస్త్రీ ఒప్పుకోడు. హిరాయ్ బృందం ఈ కారులో ప్రతి భాగాన్నీ మిగతా భాగాల బలానికి సరిపడా కొలిచి పెట్టింది. టన్నుకు మించని బరువు కాబట్టి చిన్న బ్రేకులు చాలు, 116 హార్స్‌పవర్ కాబట్టి చిన్న డిఫరెన్షియల్ చాలు. అవి చిన్నవి కాబట్టి బరువు పెరగలేదు. ఆ పొదుపే దాని అందం. అందులో ఒకదాన్ని పెంచితే బలహీనత ఎక్కడికీ పోదు, పక్క భాగానికి మారుతుంది. కాగితం నిండేసరికి నా ముందున్నది మియాటా మరమ్మతు లెక్కలా కనిపించలేదు. మియాటా ఒంట్లో ఇంకో కారును కట్టే లెక్కలా కనిపించింది.

ఆ రోజుల్లోనే విజయవాడ నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. ఆటోనగర్‌లో లారీలతో బతికిన మనిషి. నా గోలంతా ఓపిగ్గా విని, "అది సరేరా, ముందు ఛాసిస్ చూశావా?" అన్నాడు.

"దీనికి లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు బాబాయ్. బాడీయే ఛాసిస్."

"అయితే బాడీయే చూడు. ఇంజన్ బోరు కొట్టించుకోవచ్చు, గేర్‌బాక్స్ ఇంకో బండిదెయ్యొచ్చు, క్యాబిన్ కొత్తది కట్టించుకోవచ్చు. ఛాసిస్ పోతే బండి పోయినట్టేరా. ఆర్‌సీ మీద ఉన్న నంబరు దానిదే."

చిన్నప్పుడు ఆటోనగర్‌లో చూసినవి అప్పుడు కొత్తగా అర్థమయ్యాయి. విడిగా తీసి పడేసిన బాడీలు, తలకిందులుగా పెట్టిన ఇంజన్లు, వెల్డింగ్ మెరుపుల మధ్య రంగు లేని ఇనుప దూలాలు. బేరానికి వచ్చిన పెద్దమనుషులు ఇంజన్ మోత వినేకంటే ముందు కిందకు వంగి ఆ దూలాలే చూసేవాళ్లు. పగుళ్లున్నాయా, అతుకులున్నాయా, వంపు తిరిగిందా అని వేళ్లతో తడిమేవాళ్లు. పాత బండిని పారేయకపోవడం మన వాళ్లకు పేదరికం నేర్పిన అలవాటని నేను అనుకోను. ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చుకోలేమో విడదీసి చూడగల జ్ఞానం అది. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ చూపు అంత తేలిగ్గా అబ్బదు.

మియాటాలో ఆ దూలాల స్థానంలో ఉండేవి తలుపుల కింద పొడుగ్గా సాగే సిల్స్. టాపు తీసే కారుకు పైకప్పు ఇచ్చే బలం లేదు కాబట్టి భారం వాటి మీద మరీ ఎక్కువ. గుడ్డ టాపు మీద పడిన వాన నీళ్లు తలుపుల వెనకున్న గొట్టాల గుండా దిగి కారు కిందకు పోతాయి. ఆకులూ మట్టీ చేరి ఆ గొట్టాలు పూడితే నీళ్లు సిల్ లోపలికి దారి చేసుకుంటాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుము పొరలుగా రాలిపోతుంది. వెనక చక్రానికి కాస్త ముందు, అట్టడుగున బుడగ లేచినప్పటికే జబ్బు ముదిరిందని అర్థం. ఉప్పు చల్లే ఊళ్లలో ఈ కారును చంపేది ఇంజన్ కాదు, ఇదే. ఈ ఇంజన్ మొండిది. 60,000 మైళ్లకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్ట్ తెగిపోయినా వాల్వులు పిస్టన్లకు తగిలి విరగని పద్ధతిలో దాన్ని తయారు చేశారు.

కారును లిఫ్ట్ ఎక్కించాం. మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనతో సిల్స్ పొడవునా తట్టి చూశాడు. మోత గట్టిగానే వచ్చింది. అయితే చక్రాల దగ్గర దీపం పెట్టేసరికి ఇంకో సంగతి బయటపడింది. సస్పెన్షన్ బుష్‌ల రబ్బరు ఎండిపోయి పగుళ్లిచ్చింది. షాక్ అబ్జార్బర్లలో పస లేదు. రేడియేటర్ గొట్టాలు పిండితే కరకరమంటున్నాయి. టైర్ల మీద గాట్లు బాగానే ఉన్నాయి గానీ వాటి వయసు మీరిపోయింది. టైరు పక్కన అచ్చేసే నాలుగంకెల గుర్తులో మొదటి రెండూ ఎన్నో వారమో, తర్వాతి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. ఎవరి కారుకైనా అది ఓసారి చదువుకోవడం మంచిది.

నాకు అక్కడ తట్టిన విషయమే ఈ వ్యాసానికి మూలం. ఈ కారు నా చేతికి వచ్చేసరికే పాతది. కొత్తలో అది ఎలా నడిచేదో నాకు తెలియదు. ర్యాంపు మీద బద్ధకం, మలుపుల్లో ఊగిసలాట ఈ మోడల్ లక్షణాలే అనుకున్నాను. వాటిలో ఎంత భాగం కారు స్వభావమో, ఎంత భాగం ముప్పై ఏళ్ల రబ్బరు వయసో తేలకుండా, దాన్ని మెరుగుపరచాలా మార్చేయాలా అని ఎవరైనా ఎలా నిర్ణయిస్తారు? అప్‌గ్రేడ్ అంటే ఉన్న స్థితి కంటే పైకి తీసుకెళ్లడం కదా. ఉండాల్సిన స్థితికే అది ఇంకా రాలేదు.

అందుకని ముందు బాగుచేయించాను. బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, గొట్టాలు, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్. టైర్లు ఫ్యాక్టరీ ఇచ్చిన 185/60 ఆర్14 సైజులోనే. చివరగా వీల్ అలైన్‌మెంట్. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉన్న ఈ కారులో ఆ కొలతలు రవ్వంత మారినా నడక మారిపోతుంది. భాగాలు దొరకడం కష్టం కాలేదు. మాజ్దాయే ఈ మొదటి తరం కార్లను పునరుద్ధరించే పథకాన్ని 2017లో జపాన్‌లో ప్రకటించి, గుడ్డ టాపు నుంచి నార్డీ స్టీరింగ్ దాకా మళ్లీ తయారు చేయించింది. ముప్పై ఏళ్లనాటి కారుకు ఆ మర్యాద చేసే కంపెనీలు అరుదు.

కొత్తదాన్ని కూడా నడిపి చూశాను, ఎందుకంటే పోల్చకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు. 2015లో వచ్చిన నాలుగో తరం మియాటా గొప్ప కారు, ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. రెండు లీటర్ల ఇంజన్, 2019 నుంచి 181 హార్స్‌పవర్. పక్క ఎయిర్‌బ్యాగులు, జారినప్పుడు పట్టి నిలిపే స్టెబిలిటీ కంట్రోల్ కూడా పెట్టి బరువును ఇంచుమించు 1,060 కిలోల దగ్గర ఆపారు. ధర ముప్పై వేల డాలర్ల ప్రాంతంలో మొదలవుతుంది. నా కాగితం మీద టర్బో లెక్క అంతదూరం పోలేదు గానీ, ఆ దారిలో సగం దాటింది. పైగా ఆ సగం పెట్టినా ఎయిర్‌బ్యాగులు రావు, వారంటీ రాదు. మామూలు బీమా పాలసీ ఆ ఖర్చును లెక్కలోకే తీసుకోదు, ప్రమాదం జరిగితే పాత కారు విలువే కట్టిస్తుంది. విలువను ముందే ఒప్పుకుని రాసే పాలసీ తీసుకుంటేనే రక్షణ. అమ్మేటప్పుడు కూడా మార్పులు చేయని కారుకే కొనేవాళ్లు ఎక్కువ ఇస్తారు.

కాబట్టి వేగమే కావాలనుకునేవాళ్లకు నా సలహా స్పష్టం: కొత్తది కొనుక్కోండి. రోజూ ట్రక్కుల మధ్య ఆఫీసుకు వెళ్లే కారుగా అదే కావాలన్నా కొత్తదే కొనండి. నా 1992 కారులో డ్రైవర్‌కు ఒక్క ఎయిర్‌బ్యాగ్ ఉంది, పక్క సీటుకు అదీ లేదు. మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకునే వయసుకు వచ్చింది. తనకు ఈ కారు తాళాలు ఇవ్వను. ఎంత ప్రేమ ఉన్నా, ప్రేమ ఇనుమును గట్టిపరచదు.

నాకు కావాల్సింది మాత్రం బాగుచేశాక దొరికింది. ఆదివారం పొద్దున్నే టాపు తీసి డెలావేర్ నది వారన ఉన్న వంకర రోడ్ల మీదికి వెళితే, వేగ పరిమితి దాటకుండానే సరదా దొరుకుతుంది. స్టీరింగ్ చెప్పింది చెప్పినట్టు వింటుంది. పార్కింగ్ స్థలాల్లో కోన్లు పెట్టి జరిపే ఆటోక్రాస్‌లో కూడా మార్పులు చేయని కారు తనలాంటి వాటితోనే పోటీ పడుతుంది. టర్బో పెడితే భారీగా మార్పులు చేసిన కార్ల తరగతిలోకి పోవాలి. 116 హార్స్‌పవర్‌ను పూర్తిగా వాడుకోవడం నేర్చుకోవడానికే నాకు ఇంకా చాలా సాధన కావాలి. అందుకే టర్బో కాగితాన్ని పక్కన పెట్టాను, కారును ఉంచుకున్నాను. ఏటా కొంత సొమ్ము దాని బాగోగులకు మాత్రమే.

మీ ఇంట్లో పాత కారు ఏదున్నా సరే, కిట్ ఆర్డర్ చేసేముందు, అమ్మకానికి పెట్టేముందు ఓసారి లిఫ్ట్ ఎక్కించండి. నీళ్లు పోయే దారులు శుభ్రం చేయించి, సిల్స్ తట్టించి చూడండి. ఇనుము గట్టిగా ఉంటే రబ్బరూ టైర్లూ మార్చి ఒక వేసవి అంతా నడపండి, తర్వాత నిర్ణయించుకోండి. మెత్తగా తగిలితే మాత్రం దాని మీద ఇక పైసా పెట్టకండి. అమ్మితే, కొనేవాళ్లకు ఆ తుప్పు చూపించి అమ్మండి.