బల్లమీద పూసల మగ్గం

మిన్నియాపొలిస్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? అయితే వేసవిలో ఉత్తరంగా ప్రయాణించి మిల్ లాక్స్ ఇండియన్ మ్యూజియం చూసి రండి. ఇండియన్ అంటే మనం కాదండోయ్, అక్కడి ఒజిబ్వే ఆదివాసులు! వాళ్ల ఆడవాళ్ల పూసల నేతకి బల్లమీద పట్టే చిన్న మగ్గం చాలు. వరుసకి పది పూసలైతే పదకొండు పడుగు దారాలు. సూదికెక్కించిన పూసల్ని కిందనుంచి దారాల మధ్యకి నొక్కి, సూదిని దారాల పైనుంచి పూసల్లోకి వెనక్కి దూర్చాలి. అంతే, వరుస బిగుస్తుంది. పూసల భుజం సంచి ఒకప్పుడు ఒక గుర్రం విలువ చేసేదట! కొనేటప్పుడు నేసిందెవరో, ఏ తెగో అడగండి. నకిలీల్ని ఆదివాసుల పనిగా అమ్మకూడదని 1990లో చట్టమే వచ్చింది. చవకని నకిలీ కొంటే, నేసే ఆవిడ నోటి దగ్గర కూడు తీసినట్టే కదా!