నైట్ డ్యూటీ దిగాక

నైట్ డ్యూటీ దిగిన మనిషికి పొద్దున్న ఎనిమిదింటికి ఆకలో నిద్రో ఒక పట్టాన తేలదు. హ్యాండోవర్ ఇచ్చి, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని బయటికి వచ్చేసరికి విశాఖలో ఎండ ముదిరిపోయి ఉంటుంది. బీచ్ రోడ్డులో నడకకు వచ్చినవాళ్ళు ఇళ్ళకు మళ్ళుతుంటారు, ఆఫీసులవాళ్ళు బస్సులెక్కుతుంటారు. ముగ్గురం నలుగురం కలిసి ఆస్పత్రి ఎదురు సందులో బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటాం. అక్కడ పేషెంట్ల మాట ఎత్తం. ఎవరో పెట్టిన నియమం కాదది. రాత్రంతా వాళ్ళ మాటే కదా. చీరల గురించి, సినిమాల గురించి, ఎవరికి ఏ ఊరు సంబంధం వచ్చిందన్నదాని గురించి మాట్లాడుకుంటాం. ఆ పావుగంట మా సొంతం.

నేను ఐసీయూ నర్సుని. సొంతూరు శ్రీకాకుళం జిల్లా. ఊరెళ్తే చుట్టాలు అడుగుతారు, "సూదులేస్తారు, మందులిస్తారు, అంతే కదేటమ్మా?" అని. అంతే కాదని కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది నాకు. నాలుగు గంటల్లో 500 మిల్లీలీటర్ల సెలైన్ వెళ్ళాలని డాక్టరుగారు రాస్తారు. మామూలు సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు, కాబట్టి నిమిషానికి 42 చుక్కలు పడాలి. ఇన్ఫ్యూజన్ పంపు ఖాళీగా ఉంటే అంకె నొక్కితే సరిపోతుంది. లేకపోతే ఒక కన్ను చుక్క మీద, ఒక కన్ను సెకన్ల ముల్లు మీద పెట్టి రోలర్ తిప్పుకోవాలి. ఇన్సులిన్ సంగతి ఇంకా సున్నితం. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలున్నాయి, 100 యూనిట్లుండేవీ ఉన్నాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూతది. వంద యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో పది గీత దాకా తీస్తే లోపలికి వెళ్ళేది ఇరవై అయిదు యూనిట్లు. తెల్లవారుజామున మూడింటికి, కళ్ళు మండుతున్నప్పుడు, ఈ లెక్క తప్పకూడదు. అందుకే ఇన్సులిన్ ఎక్కించే ముందు పక్క మంచం నర్సుని పిలిచి సీసా, సిరంజి, గీత మూడూ చూపిస్తాం.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడు వీపు, పిరుదులు, మడమలు చూడాలి. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోవడం లేదంటే పుండు మొదలవుతున్నట్టే. అది పడకుండా చూసుకోవడం నర్సు పని. పడని పుండు ఏ డిశ్చార్జి కాగితంలోనూ కనపడదు. మా పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే, జరగకుండా ఆపినవి. ఆపినదాన్ని ఎవరికి చూపిస్తాం?

మే 12న నైటింగేల్ పుట్టినరోజుకి మా దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాం, ప్రతిజ్ఞ చదువుతాం, కేకు కోస్తాం. కొవ్వొత్తి పట్టుకుని వరసగా నిలబడటం నాకు నిజంగా ఇష్టం. కానీ దీపం పట్టుకుని నడిచే ఆ బొమ్మ పక్కనే ఆవిడ గీసిన చార్టు కూడా గోడకు పెట్టాలని నా కోరిక. 1854లో స్కుటారి సైనిక ఆస్పత్రికి వెళ్ళినావిడ, తిరిగొచ్చాక ఊరికే కూర్చోలేదు. ఏ నెలలో ఎంతమంది సైనికులు గాయాలతో పోయారు, ఎంతమంది అంటురోగాలతో పోయారని రంగుల రేకుల్లాంటి పటం వేసి 1858లో అచ్చువేయించింది. యుద్ధం కన్నా మురికే ఎక్కువమందిని చంపిందని ఆ పటం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం దక్కిన మొదటి ఆడమనిషి ఆవిడే. 1860లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి పెట్టించింది కూడా ఈ పనికి చదువు కావాలనే. దేవతలని, తల్లులని మమ్మల్ని పొగుడుతారు. ఆ ప్రేమ నాకు తెలుసు, తీసుకుంటాను. కానీ మేం చదువుకుని, పరీక్షలు రాసి, చేతితో సాధించుకున్న విద్య ఆ పొగడ్తలో మరుగున పడిపోతుంది. విద్య మరుగున పడ్డాక జీతం అడగటం కూడా తప్పులా వినిపిస్తుంది.

అది మాటవరసకు అనడం లేదు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, యాభై పడకలకు తక్కువైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాల చేతుల్లో పెట్టారు. నాతో చదివిన పిల్లలు చిన్న ఆస్పత్రుల్లో ఎంతకు చేస్తున్నారో నాకు తెలుసు, వాళ్ళ తల్లిదండ్రులు కాలేజీకి కట్టిన ఫీజులూ తెలుసు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా కోపం వస్తుంది.

ఈ చదువును తెలుగునాట ముందు ఎవరు అందుకున్నారో మరచిపోకూడదు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ ఆడవాళ్ళకు ఆస్పత్రి కట్టింది. అలాంటి మిషన్ ఆస్పత్రుల్లో నర్సు పని నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది పేదింటి క్రైస్తవ పిల్లలు, బాలవితంతువులు, ఊరు దూరం పెట్టిన కులాల ఆడపిల్లలు. పరాయివాళ్ళ రక్తం, మలమూత్రాలు ముట్టుకోవడం మైల అని మిగతా ఇళ్ళు వెనక్కి జరిగాయి. మా అమ్మ నన్ను నర్సింగులో చేర్పించిన రోజున కూడా మా వీధిలో ఒకావిడ "రాత్రుళ్ళు డ్యూటీలు సేసే పిల్లకి పెళ్ళెలాగవుద్ది?" అంది. అమ్మ జవాబు చెప్పలేదు. నా పెట్టె సర్దింది.

ఇక బట్టల సంగతి. దీన్ని చిన్న విషయమని అనుకోను. డ్యూటీలో నా ఒంటి మీద నాది అనేది ఏదీ ఉండదు. నీలం స్క్రబ్స్, నెట్‌లోకి దూర్చిన ముడి, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు. మోచేతి కింద గాజు, ఉంగరం, దారం ఏవీ ఉండకూడదు, ఉంగరం కింద చేరిన సూక్ష్మజీవి ఎంత కడిగినా పోదు కాబట్టి. వాచీ కూడా ఛాతీ మీద పిన్నుకు తలకిందులుగా వేలాడుతుంది, మేం తల దించి చూస్తే సరిగ్గా కనపడేలా. మా సీనియర్ సిస్టర్లు తెల్లచీర, తల మీద గంజి పెట్టిన టోపీ ఉన్న కాలం చూసినవాళ్ళు. టోపీ పోవడమే మంచిదైందని వాళ్ళే అంటారు, వంగినప్పుడల్లా అది జారేదట.

ఈ నియమాలన్నీ నాకు ఇష్టమే. చేతుల శుభ్రం కోసం ఎంత చెప్పినా వింటాను. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పనిచేసిన ప్రసూతి ఆస్పత్రిలో మంత్రసానులు చూసే వార్డుకన్నా డాక్టర్లు చూసే వార్డులోనే బాలింతలు ఎక్కువగా పోయేవారు. డాక్టర్లు శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పులకు వచ్చేవారని ఆయన కనిపెట్టి, క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. చావులు తగ్గాయి. పెద్దలు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. శానిటైజర్ రాసుకున్న ప్రతిసారీ ఇరవై ముప్ఫై సెకన్లు పూర్తిగా రుద్దుతాను, ఎవరు చూసినా చూడకపోయినా.

అయితే రోజంతా రుద్ది రుద్ది వేళ్ళ చివర్లు పగిలిపోతాయి. నైట్లు అయిపోయి ఆఫ్ వచ్చిన రోజున ముందు ఆ చేతులకు కొబ్బరినూనె పట్టిస్తాను. సాయంత్రం నిద్ర లేచాక పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి మట్టిగాజులు కొనుక్కుంటాను, ముంజేయి నిండా వేసుకుని చప్పుడు చేసుకుంటూ తిరుగుతాను. మల్లెపూలు పెట్టుకుంటాను. మొదటి జీతం కాస్త మిగిలినప్పుడు కొన్న చీర పొందూరు ఖద్దరు. మా జిల్లాదే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ సన్నని పళ్ళ మధ్య నుంచి వచ్చిన దూది అంత మెత్తగా ఉంటుంది. ఆ నూలు తాకినప్పుడు, వేళ్ళతో పని చేసేవాళ్ళు వేళ్ళతో పని చేసేవాళ్ళను గుర్తుపట్టినట్టు అనిపిస్తుంది. నర్సు సింగారించుకుంటే వింతగా చూసే కళ్ళున్నాయి. వాళ్ళ కోసం నేను తెల్లగా, దిగులుగా ఉండను. రాత్రంతా ఒకరి చావును ఒకటికి నాలుగుసార్లు వెనక్కి నెట్టిన మనిషికి మర్నాడు కాటుక పెట్టుకునే హక్కుంది.

రెండు ఆఫ్‌లు కలిసొస్తే రైలెక్కుతాం. మాకు అందుబాటులో ఉన్న మహాభాగ్యం కిరండూల్ పాసింజర్. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చి జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన లైను అది, ఇప్పుడు మాలాంటివాళ్ళను అరకు తీసుకెళ్తోంది. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. శివలింగపురం, టైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, ఒక్కో స్టేషన్‌కూ చలి కొంచెం పెరుగుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలేస్తారు, మేమూ వేస్తాం. చేతులు బయట పెట్టకుండా కిటికీకి చెంప ఆనించి కూర్చుంటాను. మానిటర్ బీప్ వినపడని చోట నా చెవులు మళ్ళీ వినడం నేర్చుకుంటాయి.

కళ్ళు మాత్రం సెలవు తీసుకోవు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ చేతుల మీద నరాలు చూస్తాను. ఇక్కడ లావుపాటి ఆకుపచ్చ క్యాన్యులా పడుతుంది, ఇక్కడ గులాబీది, ఈ ముసలామెకు సన్నని నీలం రంగుదే కష్టం అని లోపల లెక్క నడుస్తుంది. ఒకసారి ఒక మామ్మ గమనించింది. "ఏటమ్మా, నా సెయ్యలాగ సూస్తున్నావు?" అంది. నర్సునని చెప్పాను. వెంటనే మోకాళ్ళ నొప్పి, షుగరు, కోడలు, అన్నీ చెప్పింది. కాళ్ళకు చెప్పులు లేవు. పాదాలు చూపించమన్నాను. బొటనవేలి కింద పుండొకటి ఉంది, నొప్పి లేదంది. షుగరున్నవాళ్ళకు నొప్పి లేని పుండే ప్రమాదమని, అరకు ఆస్పత్రిలో ఆరోజే చూపించుకోమని చెప్పి, కూడా ఉన్న మనవడి చేత ఒట్టు వేయించాను. దిగేటప్పుడు ఆవిడ నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టింది.

ఆ కొండలు టూరిస్టుకు ఒకలా, నర్సుకు ఒకలా కనిపిస్తాయి. లోయ అవతల పొగ లేస్తున్న నాలుగిళ్ళు చూసి ఫొటో తీసేలోపే, అక్కడ రాత్రి కాన్పు నొప్పులొస్తే రోడ్డు దాకా ఎలా తెస్తారన్న ఆలోచన వస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా పల్లెల నుంచి ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక. 108 బండి ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా. ఆ దారిలోనే ఏఎన్ఎం అక్క టీకాల పెట్టె భుజాన వేసుకుని వాగు దాటి ఎదురెళ్తుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి ఆ టీకాలు, పెట్టెలో ఐసు కరిగేలోపు పిల్లలందరికీ వేసేయాలి. నా ఐసీయూలో ఏసీ, ఆక్సిజన్ పైపు, పిలిస్తే పలికే డాక్టరు ఉన్నారు. ఆవిడకు గొడుగుంది. మా వృత్తిలో గొప్పవాళ్ళెవరని అడిగితే నేను ముందు వాళ్ళ పేరే చెబుతాను.

ఇక ముందేమిటన్న ప్రశ్న. హాస్టల్లో ఏ మంచం మీద చూసినా ఒక పుస్తకం ఉంటుంది. ఒకమ్మాయి ఎయిమ్స్ ఉద్యోగాల పరీక్ష నార్‌సెట్‌కు చదువుతుంది. ఒకమ్మాయి గల్ఫ్‌కు ప్రోమెట్రిక్, ఇంకొకామె ఇంగ్లండ్‌కు ఓఈటీ. అమెరికా వెళ్ళాలంటే ఎన్‌క్లెక్స్ రాయాలి. ఒకరికి 85 ప్రశ్నలతో ముగుస్తుంది, ఇంకొకరికి 150 దాకా సాగుతుంది, జవాబులను బట్టి కంప్యూటరే తరవాతి ప్రశ్న ఎంచుతుంది. నా పక్క మంచం కొట్టాయం అమ్మాయి. పండక్కి వాళ్ళింటికి తీసుకెళ్ళింది. వాళ్ళ వీధిలో ఇంటింటికీ ఒక నర్సు, కువైట్‌లోనో డబ్లిన్‌లోనో. ఆ ఇళ్ళు నర్సుల జీతంతో కట్టినవని అక్కడ పిల్లలకు కూడా తెలుసు, గర్వంగా చెబుతారు. మన దగ్గర ఆ గర్వం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

నేను జర్మన్ మొదలుపెట్టాను. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థే నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోందని తెలిశాక, ఇదేదో ఏజెంట్ల మాయ కాదని మా ఇంట్లో ధైర్యం చేశారు. రాత్రి రెండు నుంచి మూడు మధ్య పేషెంట్లు స్థిమితంగా ఉంటే, చార్టింగ్ పూర్తయితే, జేబులోని చీటీ తీసి పది మాటలు చదువుకుంటాను. దేశం వదిలి పోతున్నారని నొచ్చుకునేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఆ డోలీలు చూసినదాన్ని. కానీ ఉన్నవాళ్ళను నిలబెట్టుకునే జీతం, నర్సుకు ఇన్ని మంచాలన్న లెక్క ఇక్కడ సరిచేయకుండా, వెళ్ళే అమ్మాయి మీద నేరం మోపడం న్యాయం కాదు. వెళ్ళినా నాలుగేళ్ళకు తిరిగొచ్చి ఆ కొండల్లోనే, పాడేరు వైపు పనిచేయాలని ఉంది. అమ్మతో ఫోన్లో అన్నాను. "ముందు తిన్నావేటి?" అంది.

ఈ మధ్యలో ఇక్కడే ఇంకో ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూలో జీతం సంగతి వాళ్ళే చెబుతారు. నేను అడగాల్సినవి రాసి పెట్టుకున్నాను. ఐసీయూలో మంచానికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క, మీ దగ్గర రాత్రిపూట ఎన్ని మంచాలకు ఒకరు? వరసగా ఎన్ని నైట్లు? రాత్రి డ్యూటీకి రావడానికి, దిగి వెళ్ళడానికి బండి ఉందా? సూది గుచ్చుకుంటే పరీక్షలు, మందులు ఎవరు చూస్తారు? పై చదువుకు సెలవిస్తారా? ఈ అయిదింటికీ కాగితం మీద జవాబిస్తే చేరతాను.